విసురు వలకి సీసం గుండ్లు పోయడం: నా అనుభవం

ప్రకాశం బ్యారేజీకి దిగువన విసురు వల వేసేవాళ్ళని కాసేపు చూస్తే తెలిసిపోతుంది, వల గుండ్రంగా విచ్చుకోవడం చేతి ఒడుపుతోపాటు అంచు బరువు మీద ఉంటుందని. అంచులో ఒక పక్క గుండ్లు బరువై ఇంకో పక్క తేలికైతే ఎంత బాగా విసిరినా వల అరటాకులా పడుతుంది. కొన్న గుండ్లని తూకం వేస్తే 15 గ్రాములదీ 25 గ్రాములదీ ఒకే పొట్లంలో దొరికాయి. అందుకే సొంతంగా పోసుకుంటున్నాను.

లెక్క ఇదీ. నడినెత్తి నుంచి అంచు దాకా 8 అడుగులున్న వలకి చుట్టుకొలత 50 అడుగులు. 4 అంగుళాలకొకటి వేస్తే 150 గుండ్లు. ఒక్కోటి 20 గ్రాములైతే 3 కిలోలు. తెట్టుకీ, ఇనప క్లిప్పులకీ పోగా అంత మిగలాలంటే 4 కిలోల తుక్కు తెచ్చుకోవాలి.

తుక్కంటే ఆటోనగర్‌లో చక్రాల బ్యాలెన్సింగ్ చేసే షాపుల్లో ఊడదీసి పడేసిన బరువులు, చక్రం అంచుకి ఇనప క్లిప్పుతో తగిలించేవి. పాతవన్నీ సీసమే, గట్టిదనానికి కాస్త ఆంటిమొనీ అనే లోహం కలిపి ఉంటారు. ఇప్పుడు జింకువీ, ఇనపవీ కూడా కలిసి వస్తున్నాయి. ఇనుముది అయస్కాంతానికి దొరికిపోతుంది, కాకపోతే క్లిప్పు కూడా ఇనుమే కాబట్టి అయస్కాంతాన్ని బరువు ఒంటికే ఆనించాలి. జింకుని గోరుతో గీస్తే గీత పడదు, గచ్చు మీద పడేస్తే ఖంగుమంటుంది. సీసం దబ్బున పడి ఊరుకుంటుంది. ఈ ఏరివేతకి బద్ధకిస్తే తర్వాత మూకుడంతా పాడవుతుంది. పాత బ్యాటరీల ప్లేట్లు చవగ్గా వస్తాయి గానీ వాటి జోలికి పోవద్దు. వాటిలో యాసిడ్ ఉంటుంది, కరిగించేటప్పుడు వచ్చే ఆవిరి వేరే రకం విషం. పైగా అవి రిజిస్టరైన రీసైక్లింగ్ వాళ్ళకే చేరాలని 2022 నాటి నిబంధనలున్నాయి.

సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 419 దాటాక. ఈ తేడానే మనకి ఆసరా. వేడిని 380కి అటూ ఇటూగా ఉంచితే పొరపాటున పడ్డ జింకు ముక్క కరక్కుండా పైకి తేలుతుంది, గరిటెతో తీసి అవతల పడేయొచ్చు. మంట పెంచేసి వదిలేస్తే అదీ కలిసిపోయి సీసం సంగటిలా చిక్కబడుతుంది, అచ్చు మూలలకి పారదు. వేడి చూడటానికి తీగ ముంచే డిజిటల్ మీటరు వాడతాను. కంటి అంచనాతో చేసేవాళ్ళున్నారు, నాకు కుదర్లేదు.

పాత్ర మందమైన ఇనప మూకుడు. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ వేడికి మెత్తబడి పట్టుకుని ఎత్తేటప్పుడు వంగుతుంది. ఒకసారి సీసానికి వాడిన మూకుడూ గరిటే మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. 4 కిలోలు మామూలు గ్యాస్ పొయ్యి మీద పావుగంట, ఇరవై నిమిషాల్లో కరుగుతాయి. క్లిప్పులు తేలాక ఏరేసి, గోలీకాయంత కొవ్వొత్తి మైనం వేసి అడుగు దాకా కలుపుతాను. పొగ వస్తుంది, ఒక్కోసారి మంటా లేస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఆ మైనమే తెట్టులో చిక్కుకున్న సీసాన్ని మళ్ళీ కిందికి దింపుతుంది. పైన మిగిలే బూడిదరంగు పొడిని తీసి మూతున్న డబ్బాలో వేయాలి. గాలికి లేచే ఆ పొడే ప్రమాదం. పని ఆరుబయట, పిల్లలు దగ్గర్లో లేనప్పుడు. అయ్యాక సబ్బుతో చేతులు కడిగేదాకా టీ కూడా ముట్టుకోను.

నీళ్ళ సంగతి. కరిగిన సీసం అడుగుకి ఒక్క నీటిబొట్టు చేరితే ఆవిరై దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది, పైనున్న సీసం ముఖం మీదికి ఎగురుతుంది. కరిగిన దాంట్లో కొత్త తుక్కు పడేయకూడదు. ముందు మూకుడు అంచున పెట్టి వేడెక్కాకే లోపలికి నెట్టాలి. గరిటె కూడా అంతే. బెజవాడ మే నెలలో ఇంకో గండం చెమట. నుదుటికి తువ్వాలు గట్టిగా చుట్టుకుని, కళ్ళద్దాలు, తోలు చేతిజోళ్ళు, బూట్లు వేసుకునే కూర్చుంటాను.

అచ్చు లేత్ మేస్త్రి చేత చేయించాను. రెండు ఇనప దిమ్మలు, వాటి మధ్య నాలుగు గొట్టాల్లాంటి ఖాళీలు. ఒక్కోటి 10 మి.మీ. వెడల్పు, 27 మి.మీ. పొడుగు. మధ్యలో తాడు దూరే కంత కోసం కింది పలకకి 4 మి.మీ. స్టీలు పుల్లలు నిలబెట్టాం. ఈ కొలతకి గుండు సరిగ్గా 20 గ్రాములు తూగుతుంది. పుల్ల మొదట్లో 4.2, కొనకి 3.8 ఉండేలా చెప్పి మరీ అరగదీయించాలి. సీసం గడ్డకట్టేటప్పుడు ముడుచుకుని పుల్లని బిగపట్టేస్తుంది. ఏటవాలు లేకపోతే పటకారుతో ఎంత లాగినా ఊడదు, గుండే చిట్లుతుంది.

ఎక్కువమంది గుండు ముడతలు పడితే సీసం మంచిది కాదంటారు. తప్పు సీసానిది కాదు, చల్లగా ఉన్న అచ్చుది. లోపలికి దిగిన సీసం గోడకి తగలగానే పొర కడుతుంది, వెనకొచ్చేది దాని మీద మడత పడుతుంది. అచ్చుని కిరసనాయిలు దీపం మసి మీద ఆడించి లోపల పల్చగా నలుపెక్కించి, పొయ్యి పక్కన వేడి చేసుకుంటాను. అయినా మొదటి నాలుగైదు పోతలు తిరిగి మూకుడులోకే. ఆ తర్వాత నునుపుగా, వెండిలా మెరుస్తూ వస్తాయి. అదే జోరులో ఆపకుండా పోస్తే అచ్చు మరీ కాగి గుండు పైన మంచు పట్టినట్టు తెల్లగా మసకబారుతుంది. అది వాడుకోవచ్చు గానీ, రెండు పోతల మధ్య ఓ అరనిమిషం ఆగమని అర్థం. అచ్చు పైన సీసం పోసే గరాటు నిండా పోయాలి. ముడుచుకునేటప్పుడు గుండు తనక్కావలసింది ఆ పైనున్న సీసం నుంచే పీల్చుకుంటుంది. పిసినారితనం చేస్తే తలలో గుంట పడి 18 గ్రాములకి దిగుతుంది.

గరాటులో మెరుపు పోయి మసకయ్యాక పది లెక్కపెట్టి అచ్చు విప్పి, మడతపెట్టిన గోనెసంచి మీద దులుపుతాను. చల్లార్చడానికి పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకునే అలవాటు కొందరికుంది, పైన చెప్పిన కారణానికే నాకది నచ్చదు. నాలుగేసి చొప్పున రద్దయ్యేవి కలుపుకుని 45 పోతలు, ఒక పూట పని. 19కి తక్కువ, 21కి ఎక్కువ తూగినవి మళ్ళీ మూకుడులోకే.

చివర్న గరాటు తోకని కత్తిరించి, కంత రెండు అంచుల్నీ 6 మి.మీ. డ్రిల్లు బిట్టుతో చేత్తోనే రెండు తిప్పులు తిప్పాలి. ఇది మానేస్తే పదునైన అంచు నైలాన్ తాడుని లోపల్లోపలే కోస్తుంది, పది గుండ్లు ఒకేసారి ఏట్లో కలుస్తాయి. డబ్బుల మాట అటుంచితే, ఏట్లో పడ్డ సీసం ఊరుకోదు. బ్రిటన్‌లో హంసలు మింగి చస్తున్నాయని ఇంత బరువుండే గాలపు సీసం గుండ్లని 1987లోనే ఆపేశారు. కోసిన తోకలూ పొట్టూ కాగితం మీదే రాలేలా చూసుకుని మళ్ళీ మూకుడులో వేస్తాను. కంతలోకి 3 మి.మీ. తాడు ఎక్కించి, గుండుకి రెండు వైపులా ముడి వేస్తే అంచు పొడుగునా జారి ఒకచోట పోగవ్వవు.