విజయవాడ స్టేషన్ మీద రెండు రేడియోలు

మన బడి సైన్స్ గదిలో కిటికీ పక్క బల్ల మీద మూడు పాత ట్రాన్సిస్టర్ రేడియోలు ఉండేవి. ఎనభైల్లో చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సైన్స్ ఫెయిర్ వస్తే అందరం కాలవ లాకుల నమూనాలూ అగ్నిపర్వతాలూ చేసేవాళ్లం. ఫిజిక్స్ మాస్టారు మాత్రం ఆ మూడింటితో థెరమిన్ వాయించేవారు. వాద్యాన్ని ముట్టుకోకుండా, గాల్లో చెయ్యి కదిపి.

ఆ వాద్యానికి పేరిచ్చిన లియోన్ థెరమిన్ 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. చదివింది ఫిజిక్స్, వాయించేది చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం). 1920లో ప్రయోగశాలలో వాయువుల విద్యుత్ గుణాలు కొలిచే పరికరం కడుతుంటే, చెయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా హెడ్‌ఫోన్‌లో మోత మారింది. కొలత తీసేవాడికి అది దోషం. ఇతను దాన్నే వాద్యం చేశాడు. 1922లో లెనిన్‌కి వినిపించాడు, 1928లో అమెరికా పేటెంటు వచ్చింది, 1929లో అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏ తయారీకి దిగి సుమారు 500 చేసింది.

మాస్టారి కిటుకు మన వీధుల్లోదే. పక్కపక్క ఇళ్లలో రేడియోలు పెడితే ఒక్కోసారి కూయ్‌మనేవి కదా, అదే. మీడియం వేవ్ రేడియో లోపల ఒక ఆసిలేటర్, అంటే సొంతంగా తరంగం పుట్టించే సర్క్యూట్, ఉంటుంది. ముల్లు ఏ స్టేషన్ మీదుంటే దానికి 455 కిలోహెర్ట్జ్ పైన అది నడుస్తుంది. విజయవాడ 837. రెండు రేడియోలు విజయవాడకి పెట్టి వాల్యూం పూర్తిగా తగ్గిస్తే, రెండింటి ఆసిలేటర్లూ 1292 దగ్గర ఉంటాయి. మూడో రేడియోని 1292కి తిప్పితే, ఆ రెండింటి మధ్య తేడా ఎంతో అంత శ్రుతిలో ఈల వినిపిస్తుంది.

రెండింటిలో ఒకదాని మూత తీసి, ముల్లుతో తిరిగే గ్యాంగ్ కండెన్సర్‌లో ఆసిలేటర్ వైపు కాలికి ఒక తీగ అతికి, దాన్ని నిలబెట్టిన సైకిల్ పుల్లకి కలిపేవారు. ఆ కాలు ఏదో తెలియాలంటే ఎర్ర కోరు ఉన్న కాయిల్‌ని చూడాలి. పసుపు, తెలుపు, నలుపు కోర్లవి ఐఎఫ్‌టీలు (రేడియో లోపలి వేరే కాయిళ్లు), వాటి జోలికి పోకూడదు. తీగ తగిలించగానే ఆ రేడియో విజయవాడ నుంచి జారిపోతుంది. కంగారక్కర్లేదు, మూడోదాంట్లో ఈల మళ్లీ దొరికి, కిందికి దిగి ఆగేదాకా ఆ జారిన రేడియో ముల్లుని కొద్దిగా పై అంకెల వైపు తిప్పాలి.

చెయ్యి చేసే మార్పు ఎంతనుకున్నారు? సర్క్యూట్లో 100 పీకోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిలవచేసే గుణం) ఉందనుకుంటే, చెయ్యి దగ్గరికొచ్చి దానికి ఒక్క పీకోఫారడ్‌లో పదో వంతు కలిపినా ఈల సుమారు 646 హెర్ట్జ్ కదులుతుంది. అందుకే వెనక ఎవరైనా నడిచినా శ్రుతి పోయేది. ముసురు రోజుల్లో మరీ కష్టం. తేమకి బల్లా, తీగా, అట్టా అన్నీ చెమ్మెక్కి, పెట్టిన శ్రుతి గంటసేపు నిలిచేది కాదు. ముందు పావుగంట ఆన్ చేసి ఉంచి, అప్పుడు సరిచేయాలి. సెల్స్ నీరసించినా ఇదే గోల.

అన్నిటికన్నా చిరాకు పెట్టింది కింది స్వరాలు. ఈల మంద్రానికి దిగుతూ దిగుతూ టక్కున మాయమయ్యేది. సెల్స్ తప్పు కాదది: రెండు ఆసిలేటర్లు మరీ దగ్గరైతే ఒకదాన్నొకటి లాగి ఒకే చోట కూర్చుంటాయి, తేడా సున్నా. రేడియోలను మూరెడు ఎడంగా జరిపితే చాలావరకు తగ్గేది.

గమకం దీనిమీద అద్భుతంగా పలుకుతుంది, స్వరం మీద నిలబడటమే గగనం. మెట్లు లేవు, తీగ లేదు, వేలికి ఆనేది ఏదీ లేదు. అసలు థెరమిన్‌లో ఎడమచేతికి ఒక వంపుతీగ ఉంటుంది, దానికి దగ్గరైతే ధ్వని తగ్గుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు దాంతో దాచొచ్చు. మన దాంట్లో అది లేదు కనుక ప్రతి పాటా కొంత పిల్లి ఏడుపే!

థెరమిన్ 1938లో సోవియట్‌కి తిరిగి వెళ్లాడు, మరుసటి ఏడు అరెస్టు. కొలిమా బందీల శిబిరం, తర్వాత ఖైదీల ప్రయోగశాల. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి బహూకరించిన, చెక్కతో చేసిన అమెరికా రాజముద్రలో దాచిన రహస్య మైకు అతను చేసిందే. బ్యాటరీ లేదు, బయటనుంచి రేడియో తరంగం పంపితేనే పలుకుతుంది. 1952 దాకా దొరకలేదు. మాటకి ఒక పల్చని పొర కదిలి కెపాసిటెన్స్ మారడమే అందులోనూ పని. 1993లో, 97వ ఏట పోయాడు.

పాత విద్యార్థులం కలిసే రోజున ఎవరైనా ప్రయత్నిస్తే, అంకెల్లో స్టేషన్ చూపే రేడియో తేకండి. దాని ఆసిలేటర్‌ని క్రిస్టల్ పట్టి ఉంచుతుంది, చెయ్యి ఊపినా కదలదు. ముల్లు తిప్పేదే కావాలి. గదిలో ఫోన్ చార్జర్లూ ఎల్‌ఈడీ బల్బులూ ఆపేయండి, లేకపోతే ఈల బదులు గరగరే వినపడుతుంది.