ఎవరికీ ఒప్పజెప్పక్కర్లేనిది

బెంగళూరులో పెరిగే మా పిల్లలకి సంస్కృతి అంటే ఎప్పుడూ ఎవరో ఒకరికి ఒప్పజెప్పేదే. తెనాలి నుంచి వీడియో కాల్‌లో వాళ్ళ నాన్నమ్మ "ఏదీ, ఓ వేమన పద్యం చెప్పు" అంటుంది. ఉగాదికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో స్టేజీ ఎక్కాలి. కర్ణాటక రాజ్యోత్సవానికి బడిలో కన్నడ పాట పాడాలి. యోగా కూడా అంతే అయింది. 2015 నుంచి ఏటా జూన్ 21న టీషర్టులు, వరసలు, ఫొటోలు. మా పదకొండేళ్ళ అమ్మాయి ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషూ కన్నడం, కింద ఆటల్లో హిందీ మాట్లాడుతుంది. ఏది మాట్లాడినా దిద్దడానికి పక్కన ఒకరుంటారు.

కళ్ళూ చెవులూ వేళ్ళతో మూసుకుని కూర్చునే షణ్ముఖీ ముద్ర నాకు నచ్చింది అందుకే, దాన్ని ఎవరికీ ఒప్పజెప్పక్కర్లేదు. మారతహళ్ళిలో మా బ్లాకులోనే ఉండే ఒక కన్నడ పెద్దాయన రిటైరయ్యాక పిల్లలకి యోగా నేర్పుతున్నారు. ఆయన చూపించారు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెని బొటనవేలితో నొక్కి చెవులు మూసుకోవాలి. చూపుడువేళ్ళు మూసిన రెప్పల మీద, మధ్యవేళ్ళు ముక్కుకి అటూ ఇటూ, ఉంగరపువేళ్ళు పై పెదవి మీద, చిటికెనవేళ్ళు కింది పెదవి కింద ఉండాలి. పిల్లలైతే ముక్కు మూయనే వద్దు, వేళ్ళు ఊరికే ఆనిస్తే చాలు. కనుగుడ్ల మీద బరువు పడకూడదు. జలుబో చెవిపోటో ఉన్న రోజు మానేయడమే. అసలు తిప్పలు మోచేతులతో. భుజాల ఎత్తున నిలబెట్టిన కాసేపటికే చేతులు లాగేస్తాయి. మేం డైనింగ్ టేబుల్ మీద దిండు వేసి ఆనిస్తాం. పెద్దాయన చూసి నవ్వారు గానీ వద్దనలేదు.

ఇదంతా ప్రత్యాహారం కోసం, అంటే ఇంద్రియాలని బయటి నుంచి లోపలికి మళ్ళించడం కోసం. పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో అది అయిదోది, ప్రాణాయామానికీ, మనసుని ఒకచోట నిలిపే ధారణకీ నడుమ ఉంటుంది. పిల్లల బడిలో ఆసనాలూ కాస్త ప్రాణాయామమూ చేయించి ఆపేస్తారు. ఆ తర్వాతది స్టేజీ మీద చూపిద్దామన్నా ఏముంటుంది! గీత రెండో అధ్యాయంలో అవయవాలు లోపలికి లాక్కునే తాబేలు మాట వస్తుంది కదా, అది చెప్పి చూశాను. అమ్మాయి తాబేలుని పట్టించుకోలేదు. చెవులు మూయగానే వినిపించిన గుమ్మనే మోత మీదే దాని ధ్యాసంతా.

"అమ్మా, సంప్ మోటర్ వేసినట్టుంది!"

బిగబట్టిన వేళ్ళ కండరాల చప్పుడు కూడా అందులో ఉంటుంది. స్వాత్మారాముడు రాసిన పాత యోగ గ్రంథం హఠయోగప్రదీపిక నాలుగో అధ్యాయంలో సాధకుడు లోపల వినే నాదాలకి పెద్ద వరసే ఉంది. మొదట సముద్రం, మేఘం, భేరి. నడుమ మద్దెల, శంఖం, గంట. చివర చిరుగజ్జెలు, వేణువు, వీణ, తుమ్మెద. చదివి వినిపిస్తే "మోటర్ లేదే" అని కాసేపు వాదించి, చివరికి దాన్ని భేరి ఖాతాలో వేసింది.

అంతకుమించి నేనేమీ అడగను. మనసు నిలిచిందా, ఎంతసేపు నిలిచింది, ఇవేవీ అడగను. తనంతట తను చెబితే వింటాను, ఏ భాషలో చెబితే ఆ భాషలో. మనది ఎక్కడ జారిపోతుందోనన్న టెన్షన్‌లో ఊరు విడిచొచ్చిన మాలాంటివాళ్ళం ప్రతిదాన్నీ పరీక్ష చేసేస్తాం. ఏకాగ్రత కుదురుతుంది, మార్కులొస్తాయి అని ఈ ముద్రని మెచ్చుకునే తల్లులు మా లిఫ్ట్‌లోనే కనిపిస్తారు. కుదిరితే మంచిదే, ఆ మాట మాత్రం పిల్ల చెవిన వేయలేదు.

మా ఆరేళ్ళ వాడు దీన్ని ఇంకోలా వాడుకుంటున్నాడు. మొన్న నాన్నమ్మ పద్యం అడగ్గానే సోఫాలో మఠం వేసుకుని, పదివేళ్ళూ మొహానికి ఆనించి కూర్చున్నాడు. అత్తయ్య ఏం తగ్గలేదు.

"కళ్ళూ చెవులూ మూసుకునే ఉండరా నాన్నా. నోటి మీద వేళ్ళు మాత్రం తీసి మొదలుపెట్టు" అంది.

చెవులు మూసుకున్నవాడు పకపకా నవ్వేశాడు.