ర్యామ్ 2400 నుంచి 3600 దాకా: పనుల చిట్టా

సామాను: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ స్టిక్కులు రెండున్న డీడీఆర్4 3600 సీఎల్18 ర్యామ్ కిట్ (3600 అంటే వేగం, సీఎల్ అంటే డేటా అడిగాక ఆగే క్లాక్‌ల లెక్క). సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో విడి స్టిక్కులు కొంటే నాలుగు రూపాయలు మిగలొచ్చు. కానీ మోడల్ నంబరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరుగా ఉండొచ్చు. సీల్ తీయని కిట్టే మేలు.

మొదటి స్థితి: టాస్క్ మేనేజర్‌లో 2400. డబ్బా మీద 3600 అని ఉన్నా ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌లోనే రాసిపెట్టి ఉన్న వేగం సెట్టింగు) ఆన్ చేసేదాకా బోర్డు మామూలు వేగంతో, 1.2 వోల్టులతోనే నడుపుతుంది. సీపీయూ-జెడ్ అనే వివరాలు చూపే ప్రోగ్రాంలో 1200 కనిపిస్తే కంగారొద్దు, అది సగమే చూపిస్తుంది.

స్లాట్లు: ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4. పక్కపక్కన 1, 2లో గుచ్చితే సింగిల్ ఛానలే (రెండు దారులకు బదులు ఒకటే), ఇక ఏ సెట్టింగ్ మార్చినా దండగ.

బయోస్ (బోర్డు సెట్టింగుల మెనూ): పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ కీతో లోపలికి. ఎక్స్‌ఎంపీని ఎంఎస్ఐ వాళ్లు ఏ-ఎక్స్‌ఎంపీ అంటారు, ఏసస్ వాళ్లు డీఓసీపీ అంటారు. ప్రొఫైల్ 1 పెట్టాక వోల్టేజ్ 1.35, ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే దారి వేగం) 1800 అయ్యాయో లేదో చూసుకుని, సేవ్ చేయడానికి ఎఫ్10. తర్వాత కాసేపు స్క్రీన్ నల్లగా ఉండి, ఒకటి రెండుసార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అది మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డు కొత్త వేగానికి ర్యామ్‌ను సర్దుకోవడం, పవర్ బటన్ జోలికి పోవద్దు. ఎంతకీ రాకపోతే కరెంటు వైరు పీకి, బోర్డు మీద సెట్టింగులు చెరిపే పిన్నులను (ఎంఎస్ఐలో జేబ్యాట్1) స్క్రూడ్రైవర్‌తో పది సెకన్లు కలిపితే బోర్డుతో వచ్చిన మొదటి సెట్టింగులు వచ్చేస్తాయి.

3600 దగ్గర విండోస్ వచ్చింది, గేములూ ఆడాయి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 మాత్రం ఎర్రర్లు చూపించింది. అసలు పని ఇక్కడే మొదలు. తప్పు ర్యామ్ వేగంవైపుదా, ఎఫ్‌క్లాక్‌దా? ఎఫ్‌క్లాక్‌ను 1800లోనే ఉంచి ర్యామ్‌ను 3200కి దించితే ఎర్రర్లు పోయాయి, అంటే తప్పు ఎఫ్‌క్లాక్‌ది కాదు, ర్యామ్ వేగంవైపుదే. ఎఫ్‌క్లాక్‌దైతే విండోస్ లాగ్ చూపే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ 19 అనే హార్డ్‌వేర్ హెచ్చరికలు పడతాయి, అప్పుడు ఎస్ఓసీ వోల్టేజ్‌ను (ప్రాసెసర్‌లోని ఆ భాగానికి అందే వోల్టేజ్) 1.1కి పెంచి చూడాలి. ఇక్కడ 3600కి మళ్లీ వెళ్లి ర్యామ్‌కు 1.38 వోల్టులిస్తే టెస్ట్ నాలుగు పాస్‌లూ (పూర్తి రౌండ్లూ) శుభ్రంగా పూర్తయ్యాయి.

అయినా డిసెంబరు రాత్రి పాసైన సెట్టింగును మే నెల మధ్యాహ్నం నమ్మలేం. వేడెక్కేకొద్దీ ర్యామ్ చిప్పుల్లో డేటాను పట్టి ఉంచే సెల్స్‌లోని ఛార్జ్ త్వరగా కారిపోతుంది. ఏసీ ఆపి, గేము నడిపి, కేసు వేడెక్కాకే టెస్ట్ మళ్లీ పెట్టాలి.

లాభమెంత? లెక్క ప్రకారం బ్యాండ్‌విడ్త్ (డేటా కదిలే వేగం) సెకనుకు 38.4 జీబీ నుంచి 57.6కి పెరుగుతుంది. 3200 సీఎల్16 అయితే 51.2. లేటెన్సీ (డేటా కోసం ఆగే సమయం) 3600 సీఎల్18కీ, 3200 సీఎల్16కీ 10 నానోసెకన్లే. కాబట్టి 3600 మొరాయిస్తే 3200 సీఎల్16 దగ్గర ఆగడంలో నామోషీ ఏమీ లేదు.

మిగిలింది బయోస్ అప్‌డేట్. అది ప్రొఫైల్‌ను చెరిపేస్తుంది కాబట్టి ముందే సెట్టింగులన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకోవాలి. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు, మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.