రాజేశ్వరి చెబితేనే ఆ కథ

చలం 'మైదానం' మళ్ళీ చదివాను. కథ తెలిసిందే కాబట్టి ఏమవుతుందో అన్న టెన్షన్ లేదు. ఈసారి ధ్యాసంతా కథ ఎవరు చెబుతున్నారన్న దాని మీదే.

1927లో వచ్చిన నవల. ప్లీడరు భార్య రాజేశ్వరి భర్తని వదిలేసి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఇదే కథని ఊరి పెద్దమనిషి ఎవరైనా చెప్పి ఉంటే మొదటి పేజీలోనే "లేచిపోయింది" అనేసేవాడు. మనమూ ఆ మాట పట్టుకునే మిగతాదంతా చదివేవాళ్ళం. చలం ఆ సందు ఇవ్వలేదు. "నేను" అంటూ రాజేశ్వరి చేతే చెప్పించాడు. తప్పో ఒప్పో మనం తేల్చుకునేలోపే ఆమె సంతోషంలో సగం మనకీ అంటుకుంటుంది.

తిరకాసు కూడా అక్కడే ఉంది. అమీర్ మనసులో ఏముందో మనకి నేరుగా ఎప్పటికీ తెలియదు. అతను మొరటుగా ఉన్నా, ఆమె చెప్పే తీరులో అదీ ప్రేమలాగే వినిపిస్తుంది. నాకు అది ఇబ్బందే. మీరా అనే కుర్రాడు వచ్చాక మరీనూ, ముగ్గురి కథని ఒక్కరి మాట మీద నమ్మాలి. ఇక భర్త సంగతి సరేసరి. పాపం, ప్లీడరై ఉండీ తన వాదన వినిపించుకోలేకపోయాడు!

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు గురించి చెప్పేది రచయిత. అందుకే అతని మీద జాలిపడుతూనే విసుక్కోగలిగాను. రాజేశ్వరి మీద విసుక్కోవాలంటే మాత్రం పుస్తకం మూసి పక్కన పెట్టాల్సి వచ్చింది. అదీ ఎంతోసేపు కుదరలేదు.