అసకుసాలో అమ్మమ్మ ముఖం

మా అమ్మమ్మది పెడన. ఆ ఊళ్లో కలంకారీ అద్దకపు అచ్చుల చప్పుడు వింటూ పెరిగిన నాకు, జపానువారు చెక్క అచ్చులతో మనిషి ముఖాన్ని ఎలా తెస్తారో దగ్గరుండి చూడాలని చాలాకాలంగా కోరిక. కిందటి నవంబరులో టోక్యో వెళ్లే వీలు కుదరగానే, అసకుసాలోని ఒక చిన్న కార్యశాలలో రెండు రోజుల శిక్షణకు పేరు నమోదు చేసుకుని, అమ్మమ్మ ఫొటో వెంట పెట్టుకుని బయలుదేరాను.

ముందుగా ఉయెనోలోని జాతీయ మ్యూజియంలో ఉకియో-ఎ అనే పాతకాలపు చెక్క అచ్చుల చిత్రాలు చూశాను. ఆ పాత రంగులు కాంతికి వెలిసిపోతాయి కనుక గదిలో వెలుతురు తక్కువగా ఉంచుతారు, చిత్రాలనూ తరచు మారుస్తారు. ముఖాన్నీ భుజాలనూ పెద్దవిగా చూపే చిత్రాన్ని ఓకుబి-ఎ అంటారు. 1794లో 28 ఓకుబి-ఎలతో కబుకీ నాటకాల నటుల ముఖాలను ఎడో నగరానికి (ఇప్పటి టోక్యోకు) చూపించి, సుమారు పది నెలలకే కనుమరుగైన చిత్రకారుడు షరాకు గొప్పవాడే. అయినా నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఉతమారో గీసిన స్త్రీల ముందు. వారి చర్మానికి రంగు అద్దలేదు; కాగితమే వారి ముఖం. చామనచాయ మనిషైన మా అమ్మమ్మను ఈ పద్ధతిలో ఎలా తేవాలన్న ప్రశ్న అక్కడే పుట్టింది.

మర్నాడు గురువుగారికి ఫొటో చూపి అదే అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, చర్మానికి వేరే పలక చెక్కుదామన్నారు. నా రేఖాచిత్రాన్ని పలుచటి కాగితం మీదికి ఎత్తి, పలక మీద బోర్లా అంటించి, గీతకు రెండు పక్కలా కత్తితో కోశాము. గీత నిలవాలంటే దాని చుట్టూ ఉన్న చెక్కంతా పోవాలి. నుదుటి దగ్గర వెంట్రుకలు మొలిచే చోటు అన్నిటికన్నా కష్టం. పూర్వం ముఖాన్నీ జుట్టునూ అనుభవజ్ఞుడైన చెక్కడపువాడే చెక్కేవాడట, బట్టల పని శిష్యులకు వదిలేవాడట. నాకు ముక్కుపుడక ఒక్కదానికే గంట పట్టింది. ఆవగింజంత చెక్కను నిలబెట్టి చుట్టూ తవ్వుతుంటే ఎక్కడ ఊడివస్తుందోనని ఊపిరి బిగబట్టాను.

పెడనలో అచ్చు వచ్చి బట్ట మీద కూర్చుంటుంది. ఇక్కడ కాగితమే వచ్చి అచ్చు మీద పడుకుంటుంది. పలక మీద బ్రష్షుతో రంగూ కొద్దిగా బియ్యపు జిగురూ పరిచి, చెమ్మగా ఉంచిన కాగితాన్ని కెంటో అనే గాట్లకు ఆనించి వేసి, వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి బిళ్లతో కాగితం వీపు మీద రుద్దుతారు. ముందు నల్లగీతల పలక, తరువాత చర్మం, చీర, చివర బొట్టు. చర్మానికి కలిపిన గోధుమరంగు మొదట ముదిరి కళ్లను మింగేసింది. నీళ్లు చేర్చి చేర్చి, గీతలు తేటగా కనిపించేదాకా పలుచన చేశాను. గాటు దగ్గర కాగితం వెంట్రుకవాసి జరిగితే చాలు, బొట్టు కనుబొమ మీదికి పోయేది. పన్నెండు కాగితాల్లో అయిదింటికే అది సరైన చోట కూర్చుంది.

ఆ అయిదింటినీ అట్టల మధ్య పెట్టి విమానంలో ఒళ్లోనే ఉంచుకుని తెచ్చాను. అమ్మ ఒకదాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చాలాసేపు చూసి, “చాయ కుదిరిందే. ముక్కుపుడక మాత్రం అమ్మది ఇంకాస్త పెద్దది” అంది.