లంక ఊళ్లో ఉంటూ గర్భస్రావానికి చికిత్స ఎంచుకోవడం
తొమ్మిదో వారంలో బిడ్డ ఎదుగుదల ఆగిపోయిందని స్కానింగులో తేలినప్పుడు, అమలాపురంలోని డాక్టరుగారు నాకు మూడు మార్గాలు చెప్పారు: దానంతటది పోయేదాకా ఆగడం, మందులు వాడడం, లేదా గర్భసంచిని గొట్టంతో పీల్చి శుభ్రం చేసే ఎంవీఏ. మందుల్లో, గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ ఒక్కటే వాడినవారిలో మొదటి పరీక్షనాటికి సుమారు 67 శాతం మందికి పూర్తిగా పోగా, ముందుగా గర్భాన్ని నిలిపే హార్మోనును అడ్డుకునే మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు కూడా తీసుకున్నవారిలో అది 84 శాతానికి చేరిందని 2018 నాటి అమెరికా అధ్యయనం చూపింది. అయినా నేను ఎంవీఏకే ఒప్పుకున్నాను. ఎందుకంటే మందులు వాడాక రక్తస్రావంతో గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలన్నారు, మా లంక నుంచి రాత్రివేళ గోదావరి దాటడానికి పంటు ఉండదు. తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చినా పొత్తికడుపును మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది, కానీ కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. ఆసుపత్రి దగ్గర్లో ఉండి, ఇంట్లో తోడున్నవారికి మాత్రం మందులే మేలని నా అభిప్రాయం. మీది నెగటివ్ గ్రూపు రక్తమైతే తర్వాతి కాన్పుల్లో బిడ్డకు హాని కలగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజక్షన్ అవసరమా అని తప్పక అడగండి.