గ్యాస్ సిరప్, ఏఆర్‌టీ మాత్ర

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ చికిత్సగా నేను రోజూ వేసుకునే మాత్ర ఒక్కటే. అందులో టెనోఫోవిర్, లామివుడిన్ 300 మిల్లీగ్రాముల చొప్పున, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక్క పూట కూడా మానలేదు. అయినా వైరల్ లోడ్, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ లెక్క, 1000 దాటిందని తెలిసిన రోజున, ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ గారు "మాత్రలు మానేశారా అమ్మా?" అని అడిగితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తరువాత ఆవిడే ఓపికగా ఆరా తీయగా అసలు సంగతి బయటపడింది. నెలల తరబడి కడుపుమంటతో, విరేచనాలతో బాధపడుతూ, రాత్రి భోజనమయ్యాక మాత్రతో పాటే మందుల షాపులో కొన్న గ్యాస్ సిరప్ రెండు చెంచాలు తాగేదాన్ని. ఇంటిల్లిపాదీ తాగేదే గనుక అదీ ఒక మందేనని చెప్పాలని నాకు తోచనే లేదు. అందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టి ఉంచి, రక్తంలోకి సరిగా చేరనివ్వవట. సిరప్‌కు 2 గంటల ముందైనా, 6 గంటల తరువాతైనా మాత్ర వేసుకోమన్నారు. ఐరన్, కాల్షియం బిళ్ళలనైతే భోజనంతో పాటు మాత్రతో కలిపి వేసుకోవచ్చునట.

మల పరీక్షలో గియార్డియా అనే పేగుల్లోని పరాన్నజీవి ఉందని తేలింది. మందు వాడాక విరేచనాలు తగ్గాయి. వైరల్ లోడ్ పరీక్ష మళ్ళీ 3 నెలల తరువాత.